కోరానికి ఏడుగురు

ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా, ఈ ఏడు నేను పెట్టిన మాగాయ మూడు జాడీలూ బూజు పట్టిపోవాలి. ఇంతకన్నా పెద్ద ఒట్టు పెట్టుకోవడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు. నా మాటల్లో ఉప్పూకారం కాస్త ఎక్కువని ఇరుగుపొరుగు అంటారు. అననీ. కూర మాత్రం అసలైనదే.

అశోక్‌నగర్‌లో, చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీంచి లోపలికి తిరిగే సందులో, కౌముది అపార్ట్‌మెంట్స్ అని పన్నెండు ఫ్లాట్ల పాత బిల్డింగు ఉంది. దాని సెల్లార్‌లో, లిఫ్టు పక్కన, ఒక షట్టర్. ఆ షట్టర్‌లో విజయశ్రీ కర్రీ పాయింట్. తెల్లారకముందే విజయశ్రీ పప్పు పొయ్యి మీద పడేసి, వంకాయలు ఉప్పునీళ్ళలోకి తరిగి, మధ్యాహ్నానికి గిన్నెలన్నీ వరసగా పేర్చి గరిటె పట్టుకుని నిలబడుతుంది. ఆమె గుత్తివంకాయ మీద మూత తీస్తే నారాయణగూడ స్టేషన్లో మెట్రో రైలు తలుపులు మూసుకోవడం మర్చిపోయేవి. బర్కత్‌పురలో అత్తారింట్లో అలిగి పడుకున్న అల్లుళ్ళు లేచి కూర్చుని చెప్పులు వెతుక్కునేవాళ్ళు. కొనేవాళ్ళు మాత్రం ఎక్కువగా గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు. ఒక చేతిలో పాలిటీ పుస్తకం, ఇంకో చేతిలో పప్పు పొట్లం. ఉద్యోగం వచ్చినవాళ్ళు మిఠాయి డబ్బా తెచ్చేవాళ్ళు, రానివాళ్ళు ఇంకో ఏడాది పప్పు తీసుకెళ్ళేవాళ్ళు.

ఇట్లా ఉడుకుతున్న బతుకులో ఒక శుక్రవారం పొద్దున షట్టర్ మీద కాగితం అంటించి ఉంది. నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యాలి, ఈ చోటు రీడింగ్ రూముకు ఇస్తున్నాం, ఇట్లు సెక్రెటరీ.

సెక్రెటరీ గోవర్ధన్‌కి నారాయణగూడలో హార్డ్‌వేర్ షాపు. చెడ్డవాడేమీ కాదు. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయినా, నీళ్ళ ట్యాంకరు రాకపోయినా, ఎవరింట్లో కుళాయి కారినా అతనికే ఫోను. నెత్తి మీద వెంట్రుకల్ని ఒక్కొక్కటిగా ఆ లిఫ్టే తినేసింది పాపం. పిల్లలు డబ్బు కట్టి కూర్చుని చదువుకునే ఆ రీడింగ్ రూము వాళ్ళేమో చోటిస్తే కొత్త లిఫ్టు పెట్టిస్తామన్నారు.

విజయశ్రీ తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని అతనికి ఫోన్ చేసింది.

"ఏంది గోవర్ధనన్న ఇది? పండ్రెండేండ్ల సంది ఉంటున్న. జర ముందుగాల ఒక్క మాట చెప్పొద్దా?"

"చెప్తున్న గద విజయమ్మా, కాయిదం మీద. నేనేం జెయ్యాలె, లిఫ్టు పరేషాన్ నీకెరుక లేదా? నీకు నచ్చకుంటే ఆదివారం జనరల్ బాడీల చెప్పుకో. బాడీ కూసుంటే బాడీ మాట. కూసోకుంటే సెక్రెటరీ మాట. మా బాపు రాసిన రూలే అది, నేను రాసింది కాదు."

"కూసుంటరా మరి?"

"కోరం ఉంటే కూసుంటరు," అని పెట్టేశాడు.

ఈ షట్టర్ పోతే విజయశ్రీకి ఇంకో షట్టర్ దొరకదు. అశోక్‌నగర్‌లో ఇప్పుడు హాస్టల్ కానిదల్లా రీడింగ్ రూము, రీడింగ్ రూము కానిదల్లా జిరాక్సు. కూతురు రచన నర్సింగ్ చదువు ఆఖరి ఏడాది, అది కూడా ఆ గిన్నెల్లోనే ఉడకాలి. దాంతో ఆ పొద్దు నుంచి ఆమె చెయ్యి ఆమె మాట వినడం మానేసింది. దోసకాయ పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది, పచ్చిపులుసులో అసలు పడలేదు. ఎవరో పిల్ల "అక్కా, సాంబార్ ఉందా?" అంటే "ఏడుగురు" అంది.

ఏడుగురు కూర్చుంటేనే కోరం. పన్నెండు ఫ్లాట్లలో ఏడుగురు దొరకడం ఏమంత కష్టం అంటావేమో! ఓనర్లు సగంమంది కొంపల్లిలోనూ కూకట్‌పల్లిలోనూ సొంతిళ్ళు కట్టుకుని, ఇక్కడి ఫ్లాట్లు చదువుకునే పిల్లలకు కిరాయికిచ్చారు. వాట్సాప్ గ్రూపులో మీటింగు అనగానే అందరూ బొటనవేలు ఎత్తి పెడతారు. మనిషి మాత్రం రాడు. ఎప్పుడూ వచ్చేది నలుగురే: గోవర్ధన్, మూడో అంతస్తులో ఉండే ఎనభై దాటిన ప్లీడరు వెంకటరామయ్య గారు, టెలిఫోన్ ఆఫీసులో రిటైరైన ప్రభావతి గారు, చెవుల్లోంచి ఆ పాటలు వినే తెల్ల ముక్కలు తియ్యని కంప్యూటరు ఉద్యోగి ఫణికిరణ్.

మిగతా ముగ్గురూ పోయినవాళ్ళు.

పోయినవాళ్ళంటే కొంపల్లి పోయినవాళ్ళు కాదు. పోయినవాళ్ళే. రెండో అంతస్తు వేదవతి గారు, కాచిగూడలో పనిచేసిన స్టేషన్ మాస్టరు గారు, కాంపౌండరు గారు. మీటింగు రోజు వచ్చి ఎవరి కుర్చీలో వాళ్ళు కూర్చుంటారు. మాట్లాడరు, చెయ్యెత్తరు. వాళ్ళ ముందు టీ పెడితే తాగరు గానీ, అది పెట్టీ పెట్టగానే చల్లబడుతుంది. మొదట్లో ఎవరో వీళ్ళు లెక్కలోకి వస్తారా అని సందేహపడితే, వెంకటరామయ్య గారు రూల్సు తిరగేసి, 'సభ్యులు' అనే ఉంది, 'బతికున్న సభ్యులు' అని లేదు అని తేల్చేశారు. మళ్ళీ ఎవరూ అడగలేదు. బతికున్న ఓనర్లకు అదింకా హాయి అయిపోయింది. పోయినోళ్ళు ఎట్లాగూ వస్తరు, మనమెందుకని కొంపల్లిలో కాళ్ళు బార్లా చాపుకున్నారు.

ఒక్కటే కట్టడి. ఒక ఫ్లాటుకు ఒక కుర్చీ, ఒక కుర్చీకి ఒక మనిషి. అవి ఇనుప మడత కుర్చీలు, వీపున ఎర్ర రంగుతో ఫ్లాటు నెంబరు. గోవర్ధన్ తండ్రి విద్యాసాగర్ గారు ఈ సంఘానికి మొదటి సెక్రెటరీ. ఆయన స్వయంగా రంగు డబ్బా పట్టుకుని రాసిన నెంబర్లవి. పోయినవాళ్ళు వాటిలో తప్ప కూర్చోరు, సింహాసనం వేసినా సరే. విచిత్రమేమిటంటే ఆ విద్యాసాగర్ గారు మాత్రం పోయిన తర్వాత ఒక్క మీటింగుకూ రాలేదు. బతికున్నప్పుడు జ్వరంతో కూడా వచ్చి కూర్చున్న మనిషి!  మీటింగు అయ్యాక గోవర్ధన్ తన కుర్చీ మడుస్తూ గేటు వైపు ఓసారి చూసి, లైటు ఆర్పి వెళ్ళిపోయేవాడు.

శనివారం మధ్యాహ్నం విజయశ్రీ వెంకటరామయ్య గారికి కూర ఇవ్వడానికి మూడంతస్తులూ ఎక్కింది. లిఫ్టు యథాప్రకారం మధ్యలో వేలాడుతోంది. కూర గిన్నె బల్ల మీద పెట్టి అక్కడే నిలబడిపోయింది.

"సార్, ఈ కోరం అంటే అసలు ఏంది? దాన్తోటే నా బతుకు ఆగింది. దాని పుట్టుపూర్వోత్తరమన్న తెల్వాలె గద."

వెంకటరామయ్య గారి మొహం పెట్రోమాక్సు లైటులా వెలిగింది. చిన్నప్పుడు గుంటూరు మిషన్ స్కూల్లో ఓ ఫాదరు ఆయనకు లాటిన్ నేర్పాడు. అప్పటినుంచీ ఎవరైనా అడుగుతారేమోనని డెబ్భై ఏళ్ళుగా ఎదురుచూస్తున్నారు.

"లాటిన్ మాటమ్మా! నువ్వు తెలుగు మీడియమేగా? విభక్తులు చదివావా?"

"డు, ము, వు, లు ప్రథమా విభక్తి. మా పంతులు బెత్తంతోటి నేర్పిండు."

"శభాష్. షష్ఠి చెప్పు."

"కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్."

"అదీ! కోరం అంటే అదే. ప్రశ్న వెయ్యని 'ఎవరు' అనే మాటకి షష్ఠీ విభక్తి, బహువచనం. 'ఎవరి లోపలనైతే' అని అర్థం."

విజయశ్రీ ఆ మాటను రెండుసార్లు నోట్లోనే అనుకుని చూసింది. "ఎవరి లోపల సార్? ముందు మాట లేదు, ఎనక మాట లేదు. గిది వాక్యమెట్ల అయితది?"

"అవదు. అదే చిత్రం. వాక్యమంతా కొట్టుకుపోయి ఆ ఒక్క ముక్క ఒడ్డున పడింది. పూర్వం ఇంగ్లండులో రాజుగారు ఊళ్ళకి న్యాయాధికారుల్ని వేస్తూ ఫర్మానా రాసేవాడు. ఫలానా ఫలానావాళ్ళు కూర్చుని తీర్పు చెప్పాలి, 'క్వోరుమ్ ఊనుమ్ ఎస్సె వోలుముస్', అంటే, ఎవరి లోపలనైతే నువ్వూ ఒకడివిగా ఉండాలని మా కోరికో, వాళ్ళు. అట్లా పేరు పెట్టి పిలిచినవాడు లేకపోతే సభ సభ కాదు. జనం ఆ మొదటి మాట పట్టుకుని వాళ్ళకి కోరం అని పేరు పెట్టారు. తర్వాత్తర్వాత తలల లెక్కకి ఆ పేరు మిగిలింది."

"నేనైతే తెలుగే అనుకున్న సార్. మేమేం కోరం, మా జోలికి రాకుండ్రి అని."

ఆయన నవ్వి నవ్వి దగ్గారు. "ఇంకోటి విను. అంతా ఆడవాళ్ళే అయితే క్వోరుమ్ అనకూడదు, క్వారుమ్ అనాలి. ఒక్క మగాడు కలిశాడా, క్వోరుమ్."

"వందమంది ఆడోళ్ళల్ల ఒక్క మొగోడు జొరబడ్డా?"

"జొరబడ్డా."

"గదే అనుకున్న," అంది విజయశ్రీ. నవ్వబోయింది గానీ నవ్వు సగంలో లిఫ్టులా ఆగిపోయింది. "రేపు వాళ్ళొస్తరా సార్? వేదవతమ్మ, మాస్టరు గారు, కాంపౌండరు గారు?"

"ఎప్పుడు రాలేదమ్మా? బతికున్నవాళ్ళనే నమ్మలేం. వాళ్ళని నమ్మచ్చు."

ఆ మాట పట్టుకుని ఆమె ఆ రాత్రి కాస్త కునుకు తీసింది.

ఆదివారం పొద్దున సెల్లార్ కడుగుతున్న మాసమ్మ చీపురు ఆపి, మూలన పేర్చిన నీలం ప్లాస్టిక్ కుర్చీల్ని తుడవడం మొదలుపెట్టింది. కొత్తవి, ఇంకా కవరు వాసన పోలేదు.

"గీ కుర్చీలేంది మాసమ్మా?"

"సెక్రెటరీ సార్ తెచ్చిండు. పాతయి తుప్పు పట్టినయంట. నిన్ననే పాతసామాను బండ్లె ఏసిండు."

"అన్నీనా?"

"సార్ది ఒక్కటి ఉంచుకుండు. ఆళ్ళ బాపు కూసున్నది గద. తక్కినయి పోయినయి."

విజయశ్రీ చేతిలోంచి గరిటె జారింది. ఆ చప్పుడుకి అడిక్‌మెట్ దాకా పావురాలు లేచిపోయాయి. ప్లాస్టిక్ కుర్చీ మీద వేదవతమ్మ కూర్చోదు. మాస్టరు గారు కూర్చోరు. కాంపౌండరు గారు ఈ సెల్లార్ దిక్కే చూడరు. అంటే నలుగురు. నలుగురంటే కోరం లేదు. కోరం లేకపోతే సెక్రెటరీ మాట. ఈ లెక్క ఆమె తలలో పొంగిన పాలలా ఒక్కసారి పైకొచ్చేసింది.

"బండి ఎవలది?"

"ముషీరాబాద్‌ల కొట్టున్నోనిది. యాడికే అట్ల ఉరుకుతున్నవ్?"

పొయ్యి మీద వంకాయ సగమే మగ్గింది. సగం మగ్గిన కూర కింద మంట ఆర్పడం విజయశ్రీ చరిత్రలో అదే మొదలు. ఆటో ఎక్కింది. ముషీరాబాద్ దాకా ఆమె గుండె చేసిన చప్పుడుకి ఆటోవాడు ఇంజన్‌లో ఏదో వదులైందనుకుని రెండుసార్లు దిగి చూశాడు.

పాతసామాను కొట్టులో విరిగిన ఫ్యాన్లు, కాళ్ళులేని మంచాలు, ఎవరి పెళ్ళిలోవో బిందెలు. కుర్చీలు లేవు.

"మడత కుర్చీలా అక్క? మస్తు మజ్బూత్ ఉండె. పొద్దుగాలనే అమ్ముడు పోయినయి. గదే, మీ అశోక్‌నగర్ల కోచింగ్ సెంటరోళ్ళు పట్టుకపోయిండ్రు."

ఏ సెంటరో అడిగి తెలుసుకునేసరికి ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తన షట్టర్‌కి వెనక సందే. ఊరంతా చుట్టి వెనకింటికి రావడమంటే ఇదే. మళ్ళీ ఆటో. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర సిగ్నల్ పడింది. అది ఎరుపులో ఎంతసేపుందంటే, పక్కన స్కూటరు మీదున్నాయనకి గడ్డం పెరిగింది.

కోచింగ్ సెంటరు రెండో అంతస్తులో క్లాసు నడుస్తోంది. పాఠం చెప్పే అభిజిత్ ఆమెకు తెలిసినవాడే. ఉద్యోగం రాక నాలుగేళ్ళు ఆమె పప్పు తిని, ఆ తర్వాత పాఠాలు చెప్పడంలో పడ్డాడు. బోర్డు మీద 'లోక్‌సభ కోరం: పదో వంతు' అని రాసి ఉంది. ముందు వరసలో మూడు ఇనుప మడత కుర్చీల్లో ముగ్గురూ ఉన్నారు. వేదవతి గారు ఒళ్ళో చేతిసంచీ పెట్టుకుని, స్టేషన్ మాస్టరు గారు జేబు గడియారం చూసుకుంటూ, కాంపౌండరు గారు అన్నిటికీ తల ఊపుతూ. పక్కనున్న అమ్మాయి తన నోట్సు వేదవతి గారికి కూడా కనబడేట్టు జరిపి పెట్టింది. గోడ వార ముగ్గురు పిల్లలు నిలబడి రాసుకుంటున్నారు.

"రా అక్కా," అన్నాడు అభిజిత్, సుద్దముక్క దించి. "వీళ్ళు మీవాళ్ళేనా? కుర్చీలతోటి పాటే వచ్చిండ్రు. డౌట్లు అడగరు, లేవరు. మావోళ్ళేమో నిలబడి రాస్తున్నరు."

"మావోళ్ళే అభీ. జర తీస్కపోనియ్యి. మీటింగు మొదలైతున్నది. వీళ్ళు రాకుంటే రేపటి సంది మీకు పప్పు ఉండది."

క్లాసు మొత్తం పుస్తకాల్లోంచి తలెత్తింది. ఏ పాఠానికీ అంత శ్రద్ధగా ఎత్తి ఉండదు.

విజయశ్రీ వేదవతి గారి ముందు గొంతుక్కూర్చుంది. ఆఖరి రోజుల్లో ఆవిడ మూడు పూటలా విజయశ్రీ పప్పే తిన్నది. తిన్నంతకాలం వంకలు పెడుతూనే తిన్నది. కారం ఎక్కువంది, పోపు మాడిందంది, మర్నాడు మళ్ళీ గిన్నె పంపింది.

"అమ్మా, జర లేచి రా. కుర్చీ నేను మోసుకొస్త. నువ్వు నడిస్తే చాలు."

వేదవతి గారు లేవలేదు. పోయినవాళ్ళు ఒకసారి కూర్చున్నారంటే సభ ముగిసేదాకా లేవరు. క్లాసు గోడ గడియారం మాత్రం గబగబా నడుస్తోంది. 

"లేవకుంటే లేవొద్దక్కా," అంది నోట్సు జరిపిన అమ్మాయి. "కుర్చీలతోటే లేపుదాం."

మనిషి చనిపోయాక బరువుండడు, బరువంతా ఇనుముదే. నలుగురేసి పిల్లలు ఒక్కో కుర్చీని భుజాలకెత్తుకున్నారు. మెట్లు దిగి, సందులోకొచ్చి, మలుపు తిరిగేసరికి అది అచ్చం ఊరేగింపు అయిపోయింది. ముందు స్టేషన్ మాస్టరు గారు గడియారం పట్టుకుని, మధ్యలో వేదవతి గారు చెట్టుకొమ్మ తగలకుండా తల వంచుకుంటూ, వెనక కాంపౌండరు గారు ఇరువైపులా తల ఊపుతూ. ఏ పెళ్ళికో వెళుతున్న బ్యాండువాడు దేవుడనుకుని రెండు వరసలు వాయించేశాడు. అరటిపళ్ళ బండాయన చెప్పులు విడిచాడు. వాళ్ళ ముందు విజయశ్రీ, కొంగు బిగించి, "తప్పుకోండ్రి, తప్పుకోండ్రి, మీటింగున్నది" అని అరుస్తూ పరుగు.

సెల్లార్‌లో అప్పటికే బల్ల వేసి ఉంది. గోవర్ధన్ తన ఇనుప కుర్చీలో, మిగతా ముగ్గురూ నీలం ప్లాస్టిక్ కుర్చీల్లో. బల్ల మీద, అజెండా కాగితం పక్కన, గోవర్ధన్ తన షాపు నుంచి తెచ్చిన కొత్త తాళం. కొబ్బరికాయంత తాళం. దాన్ని చూస్తేనే షట్టర్‌కి జ్వరం రావాలి.

"ఇంకెంతసేపు సార్ చూసేది?" అంటున్నాడు గోవర్ధన్. "నలుగురమే ఉన్నం. కోరం లేదు. ఇగ నా మాటే..."

అంతలో మూడు కుర్చీలూ వచ్చి నేల మీద టక్, టక్, టక్‌మని దిగాయి.

వెంకటరామయ్య గారు వేలు చూపిస్తూ లెక్కపెట్టారు. "ఏడుగురు. సభ మొదలు. ప్రభావతి గారూ, ఫ్యాను అటు తిప్పండి, వేదవతి గారికి ఉక్కపోత పడదు."

గోవర్ధన్ మెడ మీద చెమట తుడుచుకుని, లిఫ్టు సంగతి ఎత్తాడు. బాగానే మాట్లాడాడు. "వెంకటరామయ్య సార్ అంతటి పెద్దమనిషి, రోజూ మూడంతస్తులు ఎక్కుతున్నడు..."

"నా మోకాళ్ళ తరఫున వకాల్తా నీకెప్పుడిచ్చానయ్యా?" అన్నారు వెంకటరామయ్య గారు. "ఎక్కేది నేను. లిఫ్టులో చిక్కుకుని ఆకలితో కూర్చోవడం కన్నా, మెట్లెక్కి కూరతో కూర్చోవడం నయం."

"నాకు ఉద్యోగం చెయ్యడం వచ్చు, వంట రాదు," అంది ప్రభావతి గారు. "ఈవిడ షట్టరు మూసేసి రీడింగ్ రూము పెడితే, నేను మధ్యాహ్నం ఏం తినాలి బాబూ, కరెంట్ అఫైర్సా?"

ఫణికిరణ్ ఒక చెవిలోది తీశాడు. "ఆంటీ కర్రీస్ సూపర్ అంకుల్," అని మళ్ళీ పెట్టుకున్నాడు.

మూడు ఒకవైపు, తను ఒకవైపు. చేతులెత్తడమే తరువాయి. గోవర్ధన్ అజెండా కాగితం వంక చూశాడు, కూర్చున్న తలల వంక చూశాడు. నిదానంగా లేచి నిలబడ్డాడు.

"నాకు షాపుల పనున్నది. నేను పోతున్న. ఇగ మీరు ఆరుగురే. కోరం లేదు." తాళం చేతిలోకి తీసుకున్నాడు. "కోరం లేకుంటే నా మాట. నా మాట ఇదే."

ఇట్లా లేచి పోవచ్చని విజయశ్రీకి తట్టనే లేదు. పోయినవాళ్ళు రాకపోతే ఎట్లా అని భయపడిందే గానీ, ఉన్నవాడు లేచిపోతే ఎట్లా అని కాదు. గోవర్ధన్ షట్టర్ దగ్గరికి నడిచాడు. కొక్కెం పట్టి లాగితే అది గరగరమంటూ సగం దాకా దిగింది. లోపల గిన్నెలు, సగం మగ్గిన వంకాయ, కూతురి ఫోటో అంటించిన గోడ, అన్నీ నడుం దాకా చీకట్లో మునిగాయి.

"అన్నా, గిన్నెలు తీస్కోనియ్యి అన్నా..." అంది. 

అప్పుడు వెనక ఇనుము కిర్రుమంది.

గోవర్ధన్ లేచిన కుర్చీలో విద్యాసాగర్ గారు కూర్చుని ఉన్నారు. వచ్చారని అనడానికి లేదు, ఎవరూ చూడలేదు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, మోకాళ్ళ మీద చేతులు. ఇన్నాళ్ళూ బస్సులో నిలబడి నిలబడి ఇప్పుడు సీటు దొరికినవాడిలా, నడుం కాస్త వెనక్కి వాల్చారు. వాల్చి, బల్ల మీది అజెండా కాగితాన్ని అంచు సరిగ్గా ఉండేట్టు తిప్పుకున్నారు.

ప్రభావతి గారు ఫ్యానుని ఇంకాస్త ఇటు తిప్పింది. విజయశ్రీకి ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ, కేటిల్‌లోంచి ఒక గ్లాసు టీ వంచి ఆయన ముందు పెట్టింది.

"మాస్టరు గారు, కాంపౌండరు గారు, వేదవతి గారు," అని మొదలుపెట్టారు వెంకటరామయ్య గారు మళ్ళీ, వేలితో. "ప్రభావతి గారు. ఫణి. నేను. విద్యాసాగర్ గారు. ఏడు. కోరం ఉంది. షట్టరు విజయశ్రీకే ఉండాలనేవాళ్ళు చేతులెత్తండి."

మూడు చేతులు లేచాయి. కాదనేవాళ్ళు ఎవరని అడిగితే షట్టర్ దగ్గర నిలబడ్డ మనిషి ఆ కుర్చీ వైపే చూస్తున్నాడు. అతను ఓటు సంగతే వినలేదు. తాళం చేతిలో అట్లాగే ఉంది.

"బాపూ," అన్నాడు.

విద్యాసాగర్ గారు తల తిప్పలేదు. సభలో కొడుకైనా సరే, అధ్యక్షుడి అనుమతి లేకుండా మాట్లాడితే ఆయన వినేవారు కాదు.

"ఇన్నొద్దులు రాలే..." గోవర్ధన్ గొంతు చిన్నపిల్లాడిదైపోయింది. "నేను రాని మీటింగు లేదు. పెండ్లినాడు సుత వచ్చి కూసున్న. నువ్వు రాకపోతివి."

మాసమ్మ చీపురు గోడకు ఆనించింది. "యాడికెల్లి వస్తడు సార్? ఉన్నదొక్క కుర్చీ. కొడుకు లేస్తె గద తండ్రి కూసునేది."

గోవర్ధన్ వెనక్కి వచ్చాడు. విజయశ్రీ నీలం కుర్చీ ఒకటి లాగి వేసింది. కూర్చోలేదు. తండ్రి కుర్చీ వెనక, ఎర్ర నెంబరు మీద చెయ్యి వేసి, బళ్ళో పిల్లాడిలా నిలబడ్డాడు. కాసేపటికి వంగి, బల్ల మీది టీ గ్లాసును రెండు వేళ్ళతో ముట్టుకున్నాడు. అప్పుడే పోసిన టీ. చల్లగా ఉంది. ఆ గ్లాసును అట్లాగే పట్టుకుని ఉండిపోయాడు.

వెంకటరామయ్య గారు కళ్ళజోడు తుడుచుకుంటూ ఆ రాజుగారి లాటిన్ ముక్క నోట్లోనే గొణుక్కున్నారు. విజయశ్రీకి తెలుగు గుర్తుంది. ఎవరి లోపలనైతే నువ్వూ ఒకడివిగా ఉండాలని మా కోరికో.

సభ ముగిసింది. నలుగురు పోయినవాళ్ళూ చూస్తుండగానే లేరు. కుర్చీలు మాత్రం పిల్లలు మడిచి గోడకు ఆనించారు. అభిజిత్‌కి బదులుగా నీలం కుర్చీలు ఇచ్చేశారు. వాటిలో ఎవరూ అడ్డం కూర్చోరని అతనూ సంతోషపడ్డాడు. గోవర్ధన్ షట్టర్‌ను రెండు చేతులా పట్టి పైదాకా ఎత్తాడు. తాళాన్ని విజయశ్రీ చేతిలో పెట్టాడు.

"నీ తాళం తుప్పు పట్టింది చెల్లె. ఇది ఏసుకో. తాళంచెవులు రెండూ నీ తాననే ఉంచుకో."

విజయమ్మ చెల్లె అయింది. సగం మగ్గిన వంకాయ మళ్ళీ పొయ్యెక్కింది, ఆ రోజు దాని వాసనకు మెట్రో రైలు వెనక్కి రెండు స్టేషన్లు వచ్చిందని కాచిగూడలో ఇప్పటికీ చెప్పుకుంటారు. లిఫ్టు మాత్రం అట్లాగే వేలాడుతోంది. గోవర్ధన్ ఇప్పుడు నెలకో మీటింగు పెడుతున్నాడు, కారణం ఉన్నా లేకపోయినా. ప్రతి మీటింగులోనూ నిలబడే ఉంటాడు.

అంత వాడకానికి విద్యాసాగర్ గారి కుర్చీ కాలి దగ్గర మేకు కాస్తా ఊడింది. నారాయణగూడలో, ఫ్లైఓవర్ కింద వెల్డింగు షాపులో ఇచ్చాం, నిన్నే అయిపోయిందట. రేపు ఆదివారం, మీటింగు. నువ్వెట్లాగూ అటే పోతున్నావు గదా అమ్మాయ్, లే, పోయి దాన్ని పట్టుకురా. ఎర్ర రంగుతో నెంబరు ఉంటుంది, చూసుకో. ఆటోలో అడ్డంగా పడెయ్యకు, నిలువుగా పెట్టు. తోవలో కాళ్ళు లాగితే కాసేపు నిలబడు గానీ, ఆ కుర్చీలో మాత్రం కూర్చోకు. పెద్దాయన అప్పటికే కూర్చుని ఉంటాడేమో, ఊరికే లేవడు.